కిటికీ లేని గదికి ఒక వినతిపత్రం

మహారాజశ్రీ ఇన్‌సైడ్ క్యాబిన్ గారి సముఖమునకు,

పాలమూరు నుంచి ఒక ఇంటి పెద్దకొడుకు నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. ముంబై నుంచి గోవా పోయి వచ్చే రెండు రాత్రుల ఓడ ప్రయాణానికి లెక్కలు వేయడం మొదలుపెట్టాక ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కొంచెం తగ్గింది. అంతకు మించి ఇబ్బందేమీ లేదు. మీరు అక్కడ, ఓడ నడిమధ్యన, చీకట్లో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మిమ్మల్ని నేను ఇంతవరకు చూడలేదు. చూడనివ్వలేదు. మా ఫ్యామిలీ గ్రూపులో మా బామ్మర్ది పంపిన ప్రకటనలో ఒక బాల్కనీ ఉంది. అందులో రెండు కుర్చీలు, ఒక జ్యూసు గ్లాసు, ఎదురుగా ఎర్రటి సూర్యుడు. దాని కిందే పెద్ద అంకెల్లో ఒక ధర. ఫోను చేసి అడిగితే తేలిందేమిటంటే, ఫొటో బాల్కనీ గదిదట, ధర మాత్రం మీదట. ఆ ఫొటోకీ ఆ ధరకీ ఉన్నంత దూరపు చుట్టరికం మా బంధువుల్లో కూడా ఎవరికీ లేదు.

"అది స్టార్టింగ్ ప్రైస్ సార్" అన్నాడు ఏజెంటు కుర్రాడు. ఎక్కడో ఒకచోట స్టార్ట్ కావాలి కదా అనుకున్నాను. ఆ ధర ఒక మనిషికి. అదీ గదిలో ఇద్దరుంటేనే. ఒక్కడే ఉంటే, రాని రెండో మనిషి డబ్బులు కూడా దాదాపు కట్టాలి. ఆ పైన పోర్టు ఛార్జీలు, జీఎస్టీ, ఓడలో పనిచేసేవాళ్ల పేరు మీద సర్వీసు ఛార్జీ. ఇంటర్నెట్టు వేరే. కూల్‌డ్రింకులు వేరే. గోవాలో దిగి ఊరు చూడాలంటే ఆ బస్సు వేరే. "మరి అన్నీ కలిపే అని రాశారు కదా?" అంటే "ఫుడ్ కలిసే ఉంది సార్" అన్నాడు, ఎంతో ఉదారంగా.

మేం ఆరుగురం. నాయిన, అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. మీలో నలుగురు పడతారని, గోడలోంచి పైన రెండు బెర్తులు దిగుతాయని చెప్పారు. చాలా ఓడల్లో మీ విస్తీర్ణం నూట యాభై చదరపు అడుగులకు అటూ ఇటూగా ఉంటుందట, బాత్రూముతో సహా. ఆ పై బెర్తులెక్కేది పిల్లలే కాబట్టి వాళ్లిద్దరినీ మాతో వేసుకుని, అమ్మకూ నాయినకూ ఇంకో గది తీసుకుందామనుకున్నాం. అయినా అంత సులువుగా తేలితే అది మా ఇల్లెందుకవుతుంది? "అత్తమ్మకు రాత్రిపూట ఎవరో ఒకరు తోడుండాలె" అంది మా ఆవిడ. "నేను అవ్వ దగ్గరుంటా, కానీ నాకు కిటికీ కావాలె" అంది మా చిన్నది. కిటికీ అనే మాట ఇంట్లో మొదటిసారి వినబడింది అప్పుడే. అప్పటిదాకా ఓడంటే అన్ని వైపులా సముద్రమే ఉంటుందని, గదిలోంచి కూడా కనబడకుండా ఎక్కడికి పోతుందని అందరూ అనుకుంటున్నారు.

కిటికీ ఉన్న గదికి, అంటే తెరుచుకోని అద్దం ఉన్న గదికి, ఇంకొంత. బాల్కనీ ఉన్న గదికి ఇంకా చాలా. నేను డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే మా పెద్దవాడు ఫోనులో వెతికి ఒక విశేషం చెప్పాడు. 2011లో ప్రయాణాలు మొదలుపెట్టిన ‘డిస్నీ డ్రీమ్’ అనే ఓడలో మీలాంటి గదులకు గోడ మీద గుండ్రటి తెరలు పెట్టారట. ఓడ బయట కెమెరాలు పెట్టి, అప్పటికప్పుడు కనబడుతున్న సముద్రాన్నే ఆ తెరలో చూపిస్తారట. సముద్రం మీద పోతూ సముద్రాన్ని టీవీలో చూడటం! మా ఊళ్లో కూచుని చూస్తే ఇంకా చవక కదా? మేం చూస్తున్న ఓడలో మీకు అంత వైభోగం కూడా లేనట్టుంది. ఒక అద్దం పెట్టి సరిపెట్టారట. మా మొహాలు మేం చూసుకుంటాం.

ఇక ఎప్పుడు రావాలి మీ దర్శనానికి? వర్షాకాలంలో సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి పడమటి తీరంలో ఇలాంటి ఓడలు సాధారణంగా తిరగవు. బతుకమ్మకు అమ్మ ఊరు కదలదు. కార్తీకంలో కురుమూర్తి జాతర, నాయిన కదలడు. మాఘంలో మన్యంకొండ, ఇద్దరూ కదలరు. తర్వాత పిల్లల పరీక్షలు. మిగిలింది ఎండాకాలం సెలవులు. అప్పుడు మీ ధర కూడా ఎండలాగే పైకి పోతుంది. ఏజెంటు కుర్రాడు మాత్రం ఏ తేదీ అడిగినా "నాలుగు రూములే ఉన్నాయి సార్" అంటాడు. నెల తర్వాత అడిగినా నాలుగే. మీలో ఎవరూ చేరట్లేదో, ఖాళీ చేయట్లేదో మాకు అర్థం కాలేదు.

తిండి సంగతి మీకూ సంబంధించిందే. బయటి తిండి ఓడలోకి రానివ్వరని విని అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత బాధపడింది. ఆ తర్వాత వెల్లుల్లి కారం డబ్బా ఎక్కడ దాచి తీసుకుపోవచ్చో ఆలోచించడం మొదలుపెట్టింది. జొన్నరొట్టె లేకుండా రెండు పూటలు ఉండగలను గానీ కారం లేకుండా ఉండలేనంటుంది. మీ మేలు కోరి చెబుతున్నాను, కిటికీ లేని గదిలో ఆ డబ్బా మూత తీస్తే గోవా నుంచి తిరిగొచ్చేదాకా ఆ వాసన మీతోనే కాపురం చేస్తుంది. తర్వాత వచ్చేవాళ్లకు మీరే సమాధానం చెప్పుకోవాలి.

"మరి కరెంటు పోతే?" అని మా ఆవిడ అడిగింది. "ఓడలో కరెంటు పోదు మేడం." కరెంటు పోదు అని ఎవరు చెప్పినా పాలమూరోళ్లం వెంటనే అగ్గిపెట్టె వెతుక్కుంటాం. అగ్గిపెట్టె కూడా వాడకూడదట. అందుకే ఓడ ఎక్కగానే జరిగే, ఆపదొస్తే ఏం చేయాలో నేర్పే సేఫ్టీ డ్రిల్లుకు అందరం పోవాలని ఆమె ఇప్పటినుంచే హుకుం జారీ చేసింది. ఈ విషయంలో వ్యంగ్యం లేదు, ఆమె చెప్పిందే సరైనది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకార్డియా అనే ఓడ గిగ్లియో దీవి దగ్గర రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ రోజు కొత్తగా ఎక్కినవాళ్లకు డ్రిల్లు ఇంకా చేయించనే లేదు. 24 గంటల లోపల ఎప్పుడు చేయించినా సరే అన్నట్టుండేది అప్పటి నిబంధన. 2015 నుంచి దాన్ని మార్చి, ఓడ బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో చేయించాలన్నారు. మీలో పడుకునేవాడికి బయట పగలో రాత్రో కూడా తెలియదు కాబట్టి తలుపు వెనక అతికించిన దారి మ్యాపు మిగతావాళ్లకంటే ఒకసారి ఎక్కువ చదువుకోవాలి.

మీ మంచి గుణం కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే పాపం. ఓడ ఊగేది ముందూ వెనకా ఎక్కువ, నడుమన తక్కువ. పైన ఎక్కువ, కింద తక్కువ. కాబట్టి కింది అంతస్తులో, నడుమ భాగంలో మీరు దొరికితే కడుపులో తిప్పడం తగ్గుతుంది. శ్రీశైలం ఘాటు మలుపుల్లోనే సంచీ అడిగే మా ఆవిడకు ఇది పెద్ద విషయం. కాకపోతే ఊగుతున్నప్పుడు దూరంగా కదలని గీతను, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసేచోటును, చూస్తే నెమ్మదిస్తుందని కూడా చెబుతారు. అది చూడాలంటే మీలోంచి లేచి బయటికి పోవాలి.

అసలు ఇంతదూరం ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. మా పక్కింటి సారు, "కొల్లాపూర్ పోయి సోమశిలల లాంచీ ఎక్కుర్రి. శ్రీశైలం దాకా అటు నల్లమల ఇటు నల్లమల. దానికి గోడలే ఉండయ్, ఇంక కిటికీ పంచాయితీ ఏంది?" అన్నాడు. ఆయన మాట కాదనలేను. కృష్ణలో నీళ్లుండాలి గానీ ఆ దారికి ధర కట్టలేం. కానీ మా పిల్లలకు సముద్రం కావాలి. నాకు ముంబై నుంచే బయలుదేరాలని ఉంది.

దానికి కారణం మా నాయిన. పాలమూరు నుంచి ముంబై పోయే బస్సు అంటే మా జిల్లాలో టూరు బస్సు కాదు. కరువొచ్చినప్పుడు పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి పోయేవాళ్ల బస్సు. మా నాయిన అట్లా పోయి ఏళ్లకేళ్లు అక్కడ కట్టుబడి పనులు చేశాడు. కఫ్ పరేడ్ దిక్కున సముద్రానికి ఎదురుగా లేస్తున్న మేడల్లో ఇటుకలు మోశాడు, కిటికీలకు చౌకట్లు నిలబెట్టాడు. రాత్రి పడక ఆ మేడ కింద సెల్లారులోనే. అంటే మీలాంటి గదిలో. దానికి ఎవరూ ఆయనకు స్టార్టింగ్ ప్రైస్ చెప్పలేదు.

కాబట్టి ఈసారి నాయినకు కిటికీ ఉన్న గదే తీయాలని నేను పట్టుబట్టాను. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, ఆయన తప్ప.

"అండ్ల పండుకునుడే గదరా? పండుకుంటే కండ్లు మూసుకుంటం. మూసిన కండ్లకు కిటికీ ఎందుకు, పైసలు దండుగ. పొద్దుందాక పైననే కూసుంట నేను."

పైన అంటే డెక్కు. అక్కడ కూచోవడానికి ఏ గదివాళ్లయినా ఒకటేనని, ఆ గాలికి వేరే ఛార్జీ లేదని తెలిసినప్పటి నుంచి ఆయన ఓడ మీద గౌరవంగా మాట్లాడుతున్నాడు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, తను కట్టిన మేడలు ఓడలోంచి కనబడతాయా అని. ఏజెంటు కుర్రాడి దగ్గర దానికి ప్యాకేజీ లేదు. మ్యాపు ముందేసుకుని నేనే చూశాను. ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ ఊరికి తూర్పు వైపు ఉంది, మేడలేమో పడమటి ఒడ్డున. కొలాబా చివర దాటాక వెనక్కి తిరిగి చూస్తే కనబడాలి. ఆ సమయానికి ఆయన మీలో ఉండడు, అది మాత్రం రాసిస్తాను.

చివరికి తేలిందేమంటే, కిటికీ గది అమ్మకూ చిన్నదానికీ నాయినకూ. మీరు నాకూ మా ఆవిడకూ పెద్దవాడికీ. ఆవిడ మాట్లాడటం ఇంకొంచెం తగ్గించింది. అడ్వాన్సు కట్టేశాను, ఒకవేళ రద్దు చేసుకుంటే అందులో ఎంత వెనక్కొస్తుందో చెప్పే పేజీ అక్షరాలు చదవడానికి రేపు కళ్లజోడు మార్పించుకుంటాను.

మీతో నాకు వేరే తగాదా ఏమీ లేదు. ఒక్కటే మనవి. మీ వాళ్లతో చెప్పి, వచ్చే ప్రకటనలో ఆ ధర పక్కన మీ ఫొటో ఒకటి వేయించండి. సరిగ్గా రాకపోతుందేమోనని మొహమాటపడొద్దు. లైటు ఆర్పేసి తీసిందయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీలో పై బెర్తు ఎవరిదో ఇంకా తేల్చుకోని,
పాలమూరు వాస్తవ్యుడు