రాజీ కుదర్చడం నా పని కాదు

ఈ వారంలో ఒకే వాట్సాప్ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ముందు మా పిన్ని పంపింది. తర్వాత డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూపులో, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. నిన్న రాత్రి నాతో పాటు కౌన్సెలింగ్ కోర్సు చదివిన అమ్మాయే "ఆలోచించాల్సిన విషయమేనే" అంటూ పంపింది. నేనూ కౌన్సెలర్‌నే, ఇంట్లో హింస పడ్డవాళ్ళు నా దగ్గరికి వస్తారు. అక్కడ నాకు తిక్క రేగింది. మెసేజ్ పేరు "కౌన్సెలింగ్ పేరుతో కూలుతున్న కాపురాలు". ఏడు పాయింట్లు, చివర జోడించిన చేతుల బొమ్మలు.

చిల్లరవి ముందు తేల్చేస్తాను. "కౌన్సెలింగ్ పిచ్చివాళ్ళకి" అన్నది మూడోది. దానికి జవాబు రాయడం టైమ్ దండగ. "గంటకి వేలు గుంజుతారు" అన్నది ఆరోది. గుంజేవాళ్ళు ఉన్నారు. కానీ 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. 2022 నుంచి నడుస్తోంది. హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రాల్లోనూ డబ్బు అడగరు, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేస్తే దారి చెబుతారు. ఏడోది "పదకొండు మంది తల్లులకు పంపండి". పంపను.

ఇక మొదటిది. "మన అమ్మమ్మలకి ఏ కౌన్సెలింగూ లేదు, బాగానే బతికారు." బాగానే ఉన్నామని వాళ్ళు చెప్పారా? మా అమ్మమ్మ వీధి తలుపు చప్పుడైతే చాలు, చేతిలో గిన్నె జారవిడిచేది. "ఈవిడకి భయం ఎక్కువ" అని పిల్లలమంతా నవ్వేవాళ్ళం. తాతయ్య పోయాక గిన్నెలు పడటం ఆగిపోయింది. అది ఎందుకో నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

రెండోది, "నిజంగా జరిగుంటే అప్పుడే చెప్పేది కదా". 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక, లైంగిక హింస అనుభవించిన ఆడవాళ్ళలో 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అందరూ అబద్ధాలాడుతున్నారంటారా? "అరవలేదేం" అని కూడా అడుగుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒంట్లో చాలాసార్లు జరిగేది కొయ్యబారిపోవడమే. ఆ తర్వాత తారీఖు గుర్తుండదు గానీ, ఆ గదిలో ఫ్యాను చేసిన చప్పుడు మాత్రం పదేళ్ళయినా వదలదు.

నాలుగో పాయింటు దగ్గర మాత్రం నేను ఆగాను. "గుచ్చి గుచ్చి అడిగి మానిన గాయం రేపుతారు" అని ఉంది. రాసినాయన తెలిసే రాశాడో, గాలివాటంగా తగిలిందో గానీ, ఇందులో సగం నిజం. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. నా మొదటి ఏడాదిలో నేనూ అదే పని చేశాను. ఒకావిడ చేత మొదటి గంటలోనే మొత్తం చెప్పించి, ఆ రోజు పని బాగా చేశాననుకున్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మొదటి సెషన్లలో నేను అడిగేవి వేరు. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు? మీ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? కుర్చీ తలుపు దగ్గర కావాలా? చెయ్యెత్తితే నేను మాట ఆపేస్తాను. గుండె దడ మొదలైతే పాదాలు నేలకి ఆనించి, గదిలో కనబడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటీ చెప్పిస్తాను. జరిగినదాని జోలికి ఎప్పుడు వెళ్ళాలో, అసలు వెళ్ళాలో వద్దో, ఆవిడ ఇష్టం. వెళ్తే దానికి ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం, కోసం తయారైన పద్ధతులున్నాయి, నేర్చుకున్నవాళ్ళు చేయాలి. "గుచ్చొద్దు" వరకూ ఒప్పుకుంటాను. అక్కణ్నుంచి "కాబట్టి మరిచిపోవాలి" అని దూకడం ఏమిటో!

అసలు విషం ఐదోది. "మంచి కౌన్సెలర్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆమె చేత క్షమింపజేసి, నవ్వుతూ ఇంటికి పంపిస్తాడు." ఆహా. కొట్టినవాడు పక్కన ఉండగా ఆవిడ నోరు విప్పుతుందా? అతని మొహం చూసుకుంటూ మాట వెతుక్కుంటుంది. పొరపాటున నిజం చెప్పిందా, లెక్క ఇంటికెళ్ళి తలుపేశాక తేలుతుంది. నవ్వుతూ వెళ్ళింది మన గుమ్మం దాటేవరకే.

ఇద్దరినీ కలిపి కౌన్సెలింగ్‌కి పంపే అధికారం మెజిస్ట్రేటుకి ఉంది, కాదనను. కానీ ఎందుకు కొట్టాడో అతను సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదనీ, ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలనీ గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లోనే ఉంది. మన పెద్దమనుషుల పంచాయితీ మాత్రం "వాడికి కోపమెందుకొచ్చిందమ్మా?" అనే మొదలవుతుంది.

ఈ రాజీ పిచ్చి చదువుకున్నవాళ్ళకీ ఉంది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, ఒక మహిళ మీద లైంగిక దాడి కేసులో నిందితుడికి బెయిల్ ఇస్తూ, ఆమె ఇంటికి వెళ్ళి రాఖీ కట్టించుకోమని షరతు పెట్టింది. స్వీట్లతో సహా. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసి, ఇలాంటి కేసుల్లో రాజీ సూచనలు చేయొద్దని చెప్పింది. వాట్సాప్‌కి ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

ఇక పిల్లల విషయమా, "మావయ్య తప్పయిందన్నాడుగా, వదిలెయ్" అంటారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక హింస జరిగితే పోక్సో చట్టం ప్రకారం నేను పోలీసులకి చెప్పి తీరాలి. ఆ సంగతి కూడా వాళ్ళు నోరు విప్పకముందే చెప్పేస్తాను. నమ్మి చెప్పాక తెలిస్తే అదింకో మోసం.

క్షమించేవాళ్ళు ఉన్నారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలోనూ ఉన్నారు, అది వాళ్ళ సొంత లెక్క. నేను క్షమించమనను, క్షమించొద్దనీ అనను. "వదిలేసి రా" అని కూడా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అన్నేళ్ళూ ఆవిడ తరఫున ఇంకొకడు నిర్ణయాలు చేశాడు, మళ్ళీ నేనూ మొదలుపెట్టాలా? తిరిగి ఆ ఇంటికే వెళ్తానంటే ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, కాస్త డబ్బు ఎక్కడ దాచుకోవాలో, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో మాట్లాడుకుంటాం. కాపురాలు కూల్చడమంటే ఇదేనేమో మరి.

మెసేజ్ మళ్ళీ మొదట్నుంచీ చదివాను. తల్లికి సలహా ఉంది, కూతురికి ఉంది, కౌన్సెలర్‌కి ఉంది, ఆఖరికి పక్కింటావిడకీ ఉంది. కొట్టినవాడికి ఒక్కటీ లేదు.

నాతో చదివిన అమ్మాయికి రాత్రే రాశాను, "నీ దగ్గరికి వచ్చినవాళ్ళని ఇలాగే ఎదురెదురుగా కూర్చోబెడుతున్నావా?" అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు.