కొలిచి కాపాడే ప్రాంతీయ మండలి వారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ప్రాంతీయ మండలి వారికి నమస్కరించి రాయునది.

న్యూజిలాండ్‌లో నదులను, నీటిని చూసుకునే ప్రాంతీయ మండళ్ళుగా తమరు 11 మంది ఉన్నారు కనుక ఈ ఉత్తరం ప్రత్యేకించి ఎవరికని చెప్పడం కష్టం. గుమ్మడికాయల దొంగ అనగానే ఎవరు భుజాలు తడుముకుంటే వారికే ఇది చేరిందని భావించగలరు.

ముందుగా తమ పుట్టుక గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి. 1989లో స్థానిక పాలనను తిరగరాసినప్పుడు తమ సరిహద్దులను చాలావరకు నదీ పరీవాహక ప్రాంతాలను బట్టి నిర్ణయించారు, అంటే కొండ కొమ్మున పడిన వాన చుక్క ఎటు జారితే అటువైపు మండలికి అది చెందుతుంది. పాలనా పటం గీసేటప్పుడు నదిని అడిగి గీయడం లోకంలో అరుదైన సంగతి. ఆ తరువాత మళ్ళీ ఎప్పుడైనా నదిని ఏమైనా అడిగారా అన్నదే నా సందేహం.

అడగకపోయినా కొలుస్తున్నారు, కాదనను. తమ ఉద్యోగిని ఒకసారి ఏటి ఒడ్డున నిలబడి చూశాను. మోకాళ్ళ పైదాకా వచ్చే రబ్బరు బూట్లతో నీళ్ళలోకి దిగి, పొడవాటి కర్రకు బిగించిన సీసాను ప్రవాహం మధ్యకు చాచి నింపి, మూత బిగించి, చీటీ అంటించి, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా మంచు పెట్టెలో పెట్టింది. తరువాత నీరు ఎంత తేటగా ఉందో చూడటానికి అందులో ఒక నల్లటి బిళ్ళను నిలిపి, అద్దం బిగించిన గొట్టంలోంచి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, అది కనుమరుగైన చోట ఆగి టేపుతో దూరం కొలిచి రాసుకుంది. ఆ శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి. ఆ అంకెలన్నీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలై ప్రజల ముందుకు వస్తాయి. వైద్యుడు రోజూ వచ్చి జ్వరం చూసి, పట్టికలో రాసి, మందు రాయకుండా వెళ్ళిపోతే రోగి బంధువులకు ఎలా ఉంటుందో ఆ ఒడ్డున నాకు అలా అనిపించింది.

మందు సంగతికి వస్తే, 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం తమ చేతికి అనుమతి పత్రమనే ఆయుధాన్ని ఇచ్చింది. నీళ్ళు తోడుకోవాలన్నా, మురుగు వదలాలన్నా తమ ముద్ర పడాలి; ఒక్కొక్క అనుమతి 35 ఏళ్ళ దాకా చెల్లుతుంది. నీటి పంపకంలో తమరు పాటించిన ధర్మం మరీ ముచ్చటైనది: ముందు వచ్చినవాడికి ముందు. బంతి భోజనాల్లో కూడా చివరి వరుసకు ఎంత మిగిలిందో ఒకసారి చూసుకుని వడ్డిస్తారు. కాంటర్‌బరీ మైదానాల్లో 1990లో లక్షకు కాస్త అటూ ఇటూగా ఉన్న పాడి పశువులు పది లక్షలు దాటిపోయాయి. ఆ గులకరాళ్ళ నేల గుండా పశువుల మూత్రంలోని నత్రజని నైట్రేటుగా మారి భూగర్భ జలంలోకి దిగుతుందన్నది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. అయినా ఆ పశువులు మేసే పచ్చికకు నీళ్ళు తోడుకునే అనుమతి పత్రాలకు ముద్రలు పడుతూనే వచ్చాయి.

చివరకు 2025 సెప్టెంబరులో కాంటర్‌బరీ ప్రాంతీయ మండలి నైట్రేట్ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అంతకుముందు 2019లో వాతావరణ అత్యవసర పరిస్థితిని దేశంలో అందరికంటే ముందుగా ప్రకటించిన ఘనత కూడా దానిదే. ఇంటికి నిప్పంటుకున్నదని ఇంటి యజమానే వీధిలోకి వచ్చి తీర్మానం చదవడం ఎంత నిజాయితీతో కూడిన పనో నేను గ్రహించగలను. అగ్గిపుల్ల గీసుకునే అనుమతి ఎవరిచ్చారని అడగడం ఆ సమయంలో మర్యాద కాదు.

హేవ్‌లాక్ నార్త్ అనే ఊరి సంగతి మాత్రం వ్యంగ్యానికి లొంగదు. 2016 ఆగస్టులో అక్కడి తాగునీటిలో గొర్రెల పెంట నుంచి క్రిములు చేరి ఐదు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ సంవత్సరం నవంబరులో ప్రాంతీయ మండలి అనుమతి షరతులు ఉల్లంఘించారంటూ జిల్లా మండలి మీద కేసు పెట్టి, డిసెంబరులో ఉపసంహరించుకుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరగడం మన సామెతలోని కుక్క లక్షణం. తమరు మూడు నెలలకే మొరిగి, నాలుగో నెలలో మౌనం వహించారు. మరుసటి ఏడాది విచారణ సంఘం, భూగర్భ జలానికి కాపలాదారుగా ఉండవలసిన బాధ్యతను ప్రాంతీయ మండలి నెరవేర్చలేదని తేల్చి చెప్పింది.

తమకు చేతకాదని మాత్రం నేను అనను, ఎందుకంటే టౌపో సరస్సు ఉంది. అక్కడ వైకాటో మండలి పొలాలు వదిలే నత్రజనికి పరిమితి పెట్టి, తగ్గించగలిగిన భాగంలో 20 శాతం తగ్గించడానికి ప్రజాధనం వెచ్చించి, ఆ పరిమితిని రైతుల మధ్య అమ్ముకునే, కొనుక్కునే ఏర్పాటు కూడా చేసింది. సరస్సు చుట్టూ భూగర్భ జలం దశాబ్దాల పాటు నేలలో నడిచి బయటపడుతుంది కాబట్టి, ఈ పని చేసినవారు తమ పదవీకాలంలో కనిపించని ఫలితం కోసం ఓటర్ల కోపాన్ని భరించారు. అది తమ 11 మందిలో ఒకరికి సాధ్యమైన పని అని మిగిలినవారికి గుర్తు చేయడం తప్ప ఈ ఉత్తరానికి వేరే ధైర్యం లేదు.

ఇక నా చిన్న విన్నపం. మా ఏటి ఒడ్డున తమరు నాటించిన మొక్కలకు చుట్టిన ప్లాస్టిక్ తొడుగులు గడచిన వరదకు కొట్టుకుపోయి, దిగువన కంచెకు చిక్కుకుని ఉన్నాయి. మొక్కలు ఎటు పోయాయో తెలియదు. తొడుగులు మాత్రం 23 లెక్క తేలాయి; తమ అలవాటు ఎరిగినవాడిని కనుక కొలిచే రాస్తున్నాను. వాటిని తీసివేయడానికి తమ అనుమతి కావాలో అక్కరలేదో 20 పని దినాలలో తెలియజేయగలరు. ఆ లోగా వాన పడితే, తమరే చెప్పినట్టు రెండు మూడు రోజులు నీళ్ళలోకి దిగకుండా ఒడ్డునే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
క్రమం తప్పకుండా తమకు పన్ను కట్టే ఒక ఒడ్డువాసి