టైరుకు నలుగు

సైకిలు టైరులో ట్యూబు ఉన్నంతకాలం పంక్చరు అనేది వీధి మలుపులో ఉండే షాపువాడి తలనొప్పి. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడడం, అక్కడ గీకి సొల్యూషన్ రాసి ప్యాచీ వేయడం అంతా అతనే చూసుకునేవాడు. 1999లో ఫ్రాన్సుకు చెందిన మావిక్ సంస్థ కొండదారుల సైకిళ్ళకు ట్యూబ్‌లెస్ పద్ధతిని తెచ్చిన తరవాత ఆ తలనొప్పి మెల్లగా షాపు వదిలి ఇళ్ళలోకి, అందులోనూ బాల్కనీ ఉన్న ఫ్లాట్లలోకి, కాపురానికి వచ్చింది. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంటు అనే తెల్లని ద్రవం పోస్తారు. చాలా రకాల సీలెంట్లలో ఉండేది ప్రధానంగా రబ్బరు పాలే. అవి ముందే గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు. ముల్లు దిగినప్పుడు గాలితోపాటు ఈ పాలు కూడా బయటికి తన్నుకువచ్చి, ఆ బెజ్జంలోనే గట్టిపడి దాన్ని పూడ్చేస్తాయి. చిక్కేమిటంటే, ముల్లు దిగినా దిగకపోయినా కొన్ని నెలలకు అవి టైరు లోపలే ఆరిపోతాయి. అలా ఆరిన టైర్లను ఎవరో ఒకరు చవగ్గా వదిలించుకుంటారు, మా బావమరిది లాంటివాడు సంతోషంగా కొనుక్కుంటాడు.

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాటులోనే ఉంటూ, ఆదివారం తెల్లవారకముందే నంది కొండకు సైకిలు మీద బయలుదేరే ఉద్యోగి అతడు. శుక్రవారం రాత్రి ఒక జత పాత టైర్లను పాలిథీన్ సంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. "కొత్తవి కొనాలంటే వేలల్లో అవుతుంది బావా, వీటి గ్రిప్పు చూడండి, అసలు అరగనే లేదు," అన్నాడు. గ్రిప్పు సంగతి నిజమే. సంచి విప్పగానే హాలంతా కమ్ముకున్న అమ్మోనియా ఘాటు కూడా అంతే నిజం.

లోపల సీలెంటు మూడు అవస్థల్లో ఉంది. టైరు అడుగున ఇంకా పలచగా కదలాడుతున్న పాలు కొన్ని, వాటి అంచున వేలు పెడితే తీగలు సాగే జిగురు, మిగిలిన చోటల్లా పొలుసులు కట్టిన పసుపుపచ్చ పొర. తెలిసినవారు చెప్పే ఉపాయం చాలా సులువు: ద్రవాన్ని వంపేసి, టైరును గాలి తగిలేచోట వేలాడదీసి, పూర్తిగా ఆరేదాకా దాని జోలికి పోకూడదు. ఎండిన పొర చేతికే ఊడివస్తుంది; సగం ఆరినదాన్ని కెలికితే అది టైరును వదలదు, కెలికినవాడిని అసలే వదలదు. ఈ సంగతి మా బావమరిదికి తెలియక కాదు. ఆదివారానికి మధ్య ఒక్క శనివారమే ఉండడం వల్ల, ఉపాయంలో ఆరబెట్టే భాగాన్ని మాత్రం అతడు మినహాయించాడు.

ముందుగా పాలను ఒక గిన్నెలోకి వంపి బాత్రూములో పెట్టాడు. మా ఆవిడ ముక్కు మూసుకుని "ఒరేయ్, ఆ కంపు భరించలేకపోతున్నాను," అనేసరికి అతడిలోని ఇంజనీరు మేల్కొన్నాడు. అమ్మోనియా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ కలిస్తే కంపు పోతుందని తేల్చి, వంటింట్లోని వెనిగర్ సీసా తెచ్చి గిన్నెలో బోర్లించాడు. కేరళ రబ్బరు తోటల్లో పాలను గడ్డకట్టించి షీట్లు చేయడానికి ఫార్మిక్ ఆమ్లం పోస్తారు. అదే కార్యక్రమం ఏ తోటా లేకుండా మా బాత్రూములో నిర్విఘ్నంగా జరిగింది. గిన్నెలో తేలిన తెల్లటి ముద్దను చూసి గాభరాపడి, జాలీ పైకెత్తి దాన్ని అందులోకి తోసి, వెనకాలే రెండు చెంబుల నీళ్ళు పోశాడు. పోసిన నీళ్ళు పోసినట్టే నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున చింతామణి వైపునుంచి వచ్చిన ప్లంబరు జాలీ కింద ఉండే నహానీ ట్రాపులో చెయ్యి పెట్టి, లోపలి వంపులన్నీ అచ్చుగుద్దినట్టున్న రబ్బరు ముద్దను బయటికి లాగాడు. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీరే పోసినారా సార్, దానంతట అదే పెరిగిందా?" అని అడిగాడు. మేమెవరం జవాబు చెప్పలేదు. అతడు కూలితోపాటు ఆ ముద్దను కూడా అడిగి తీసుకుపోయాడు.

శనివారం మిగతా భాగం చర్చలతో గడిచింది. పెట్రోలుతో తుడుద్దామని బావమరిది అన్నాడు. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బుతుందనీ, టైరు కూడా రబ్బరేననీ నేను అన్నాను. కింద పార్కింగులో ప్రెషర్ వాషర్ పెడదామనుకుంటే, సెక్రటరీగారు 2024 మార్చిలో జలమండలి ఇచ్చిన ఉత్తర్వును గుర్తుచేశారు. తాగునీటితో వాహనాలు కడిగితే 5000 రూపాయల జరిమానా అని అప్పట్లో నోటీసు బోర్డుకు అంటించిన కాగితాన్ని ఆయన ఇప్పటికీ పీకనివ్వరు. టైరు వాహనం కాదని మావాడు వాదించాడు. వాహనం కాకపోతే పార్కింగులో దానికేం పని అని ఆయన అడిగారు.

ఈ గొడవలేవీ పట్టకుండా టైర్లు రెండూ బాల్కనీలో బట్టల స్టాండుకు వేలాడుతూ, వాటికి కావలసిన వైద్యాన్ని అవే చేసుకున్నాయి. ముందువైపు ఎండకు ఉన్న టైరు ఆదివారం పొద్దుటికి పూర్తిగా ఆరింది. తణుకు నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు కాఫీ తాగుతూ ఆ పొరను బొటనవేలితో ఒకసారి రుద్దారు. నలుగు పెట్టినప్పుడు పసివాడి వీపు మీద మట్టి ఉండలు కట్టి రాలినట్టు, సీలెంటు సన్నని వత్తులుగా చుట్టుకుని ఆవిడ ఒడిలో రాలింది. ఇక గ్లాసు పక్కన పెట్టి, పీట వేసుకుని, టైరును ఒళ్ళోకి తీసుకున్నారు. "అల్లుడుగారూ, చేట ఇలా అందించండి," అన్నారు. ముఖ్యంగా రిమ్ముకు ఆనుకునే అంచు దగ్గర ఒక్క పొలుసు మిగిలినా గాలి నిలవదని కొడుకు చెప్పేసరికి, ఆ అంచును గోటితో చుట్టూ గీకి నున్నగా చేశారు. నాలుగు రోజుల సెలవు పెట్టినా మావాడు చేయలేని పని.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కాని పొర ఊడిన కొద్దీ లోపల చిన్న చిన్న బొడిపెలు బయటపడ్డాయి. ఒక్కొక్క దానిలో ఒక తుమ్మముల్లో, లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఇనుప తీగ ముక్కో ఇరుక్కుని ఉంది. "ఎన్ని ముళ్ళురా నాయనా!" అంటూ అత్తగారు ఎక్కడినుంచో ఒక పిన్నీసు తీసి, పిల్లవాడి పాదంలో ముల్లు తీసే ఓపికతో అన్నింటినీ పెకలించారు. మిగిలిపోతే అవే మళ్ళీ గుచ్చుకుంటాయి కనుక ఆవిడ చేసింది ముమ్మాటికీ సరైన పనే. అయితే టైరును వెలుతురుకు ఎత్తిపట్టినప్పుడు అందులోంచి ఎదుటి బ్లాకు కనిపించింది.

బావమరిది టైరును రిమ్ముకు ఎక్కించి, కొత్త సీలెంటు పోసి, పంపుతో గాలి కొట్టి, చక్రాన్ని బాల్కనీలోనే గిర్రున తిప్పాడు. తిప్పితేనే పాలు ప్రతి బెజ్జానికీ చేరి పూడుస్తాయి. చేరాయి, పూడ్చాయి కూడా. పూడ్చేలోగా ప్రతి బెజ్జంనుంచీ సన్నని తెల్లని ధార ఒకటి గోడమీదికీ, స్టాండుమీద ఆరుతున్న నా ఆఫీసు చొక్కాలమీదికీ వెళ్ళింది. ఆరిన సీలెంటు టైరును వదిలినంత సులువుగా బట్టను వదలదని ఆ సాయంత్రానికి మా ఆవిడ రుద్ది రుద్ది నిర్ధారించింది.

రెండో టైరు ఇంకా ఆరుతోంది. అత్తగారు రోజూ దాన్ని వేలితో తాకి చూసి పోతున్నారు. ఆవిడ పని మొదలుపెట్టేలోగా బావమరిది కుట్టుపెట్టెలోనూ, అలమారలోనూ, దేవుడి గూట్లోనూ ఉన్న పిన్నీసులన్నీ ఏరి దాచేశాడు. ఆవిడ మంగళసూత్రాలకు ఎప్పుడూ ఒక గుత్తి వేలాడుతూ ఉంటుందన్న సంగతి వాడికి ఇంకా తట్టలేదు.