ఎల్లోహామర్ పత్రంలోని పదిహేనో పేరా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదిహేనో పేరా గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మీ కుశలం తెలిసే దారి లేదు. 2019 సెప్టెంబరు 11న బ్రిటన్ ప్రభుత్వం మిమ్మల్ని లోకానికి పరిచయం చేసినప్పుడు మీ ఒంటి మీద ఒక్క అక్షరమూ కనిపించలేదు. పైన పద్నాలుగో పేరా, కింద పదహారో పేరా, మధ్యలో నల్లరంగు పూసి కప్పేసిన మీరు. ఐదు పేజీల పత్రంలో అందరి చూపూ మీ మీదే పడింది. చదవడానికి వీలు కాని పేరాకు అంత మంది పాఠకులు దొరకడం మామూలు అదృష్టం కాదు.

యూరోపియన్ యూనియన్‌తో ఏ ఒప్పందమూ కుదరకుండానే బయటపడాల్సి వస్తే దేశం ఎలా ఉంటుందో అధికారులు వేసుకున్న అంచనాల పత్రం మీ స్వస్థలం. దానికి ఎల్లోహామర్ అనే పసుపు పిట్ట పేరు పెట్టారు. మీ ఇరుగుపొరుగు పేరాలు ఏమీ దాచుకోలేదు. బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఇరుకైన సముద్రం ఇంగ్లిష్ చానల్ దాటే లారీల్లో 50 నుంచి 85 శాతం ఫ్రెంచి కస్టమ్స్ తనిఖీకి సిద్ధంగా ఉండకపోవచ్చన్నాయి. సరిహద్దు దగ్గర ఒక్కో లారీ రోజున్నర నుంచి రెండున్నర రోజులు ఆగిపోవచ్చన్నాయి. మందుల్లో నాలుగింట మూడు వంతులు ఆ ఇరుకు దారిలోనే రావాలన్నాయి. కొన్ని రకాల తాజా ఆహారం తగ్గిపోతుందని, ధరలు పెరిగితే దెబ్బ ఎక్కువగా పేదలకే తగులుతుందని కూడా చెప్పేశాయి. మందులు దొరకవేమోనన్న మాట జనం వినవచ్చునట. మీరు చెప్పేది మాత్రం వినకూడదట. ఎందుకయ్యా అంటే వాణిజ్య గోప్యత అని మంత్రి మైకేల్ గోవ్ గారు ఉత్తరం రాశారు.

గోప్యత సంగతి మీకు తెలియనిది కాదు. ఆగస్టు 18న సండే టైమ్స్ పత్రిక బయటపెట్టిన ప్రతిలో మీ గుట్టు అప్పటికే రట్టయింది. మీరు చెప్పింది ఇదీ: విడిపోయాక యూరప్ విధించే సుంకాల వల్ల బ్రిటన్ పెట్రోలుకు అక్కడ గిరాకీ ఉండదు. ఆ నష్టాన్ని తట్టుకోవడానికి చమురు కంపెనీలు ఏవో ఏర్పాట్లు చేసుకున్నాయి. అయితే దిగుమతి పెట్రోలు మీద సుంకం సున్నా అని బ్రిటన్ ప్రభుత్వమే పెట్టిన విధానం ఆ ఏర్పాట్లను అనుకోకుండా దెబ్బతీస్తుంది. ఫలితంగా రెండు చమురు శుద్ధి కర్మాగారాలు మూతపడతాయి, సుమారు 2,000 ఉద్యోగాలు పోతాయి.

ఇప్పుడు అర్థమైంది. మీ పొరుగు పేరాల్లోని కష్టాల్లో చాలా వాటికి కారణం ఫ్రెంచి కస్టమ్స్ అనో, సిద్ధంగా లేని వ్యాపారులనో చెప్పుకోవచ్చు. మీలోని కష్టం మాత్రం ప్రభుత్వం స్వహస్తాలతో చేసుకున్నది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పత్రమంతా వదిలేసి సరిగ్గా మీ దగ్గరే నల్లరంగు డబ్బా తెరిచారు. ప్రతిపక్షం ఏడాదిపాటు గొంతు చించుకున్నా ఆ పేరా వైపు జనాన్ని అంత బాగా మళ్లించలేకపోయేది.

మీ ఇంటి పేరు మారిన ముచ్చట కూడా చెప్పుకోవాలి. పత్రికకు దొరికిన ప్రతి మీద ‘మూల అంచనా’ అనే అర్థం వచ్చే శీర్షిక ఉందని ఆ పత్రిక విలేఖరి చెప్పారు. ప్రభుత్వం విడుదల చేసిన దాని మీద ‘సహేతుకమైన అతి దుర్భర పరిస్థితి’ అని ఉంది. లోపల లారీలు అవే, మందులు అవే. గడప మీద బోర్డు ఒక్కటే మారింది. అంతకుముందు అది పాత పత్రమని, పాత ప్రభుత్వం నాటిదని కూడా అన్నారు. దాని మీద తేదీ చూస్తే ఆగస్టు 2. బోరిస్ జాన్సన్ గారు ప్రధాని అయింది జూలై 24న. తొమ్మిది రోజులకే పాతబడిపోయే ప్రభుత్వం ఎంత చురుకైనదో ఊహించుకోవచ్చు.

మీరు బయటికి రావడానికి ఎంపీలు తొక్కిన దారి వింటే మీరే జాలిపడతారు. బ్రిటన్ పార్లమెంటు వెస్ట్‌మిన్‌స్టర్‌లో మంత్రి దగ్గరున్న కాగితం కావాలంటే మంత్రిని అడిగితే సరిపోదు. అప్పట్లో రాణిగారికి వినయపూర్వకంగా విన్నవించుకుంటూ సభ తీర్మానం చేయాల్సి వచ్చేది. ‘మీ మంత్రికి చెప్పి మాకు ఆ కాగితం ఇప్పించండి తల్లీ’ అన్నమాట. సెప్టెంబరు 9న డొమినిక్ గ్రీవ్ అనే ఎంపీ అలాంటి తీర్మానమే పెట్టారు. అప్పటికి ఆరు రోజుల ముందే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసినందుకు, ఆయన సొంత పార్టీ కన్సర్వేటివ్‌లు ఆయనను బయటికి పంపేశారు. తీర్మానం 311-302 ఓట్లతో నెగ్గింది. ఆ రాత్రే, తెల్లవారకముందే, పార్లమెంటును ఐదు వారాలపాటు ప్రోరోగ్ చేసేశారు, అంటే సమావేశాలు ముగించి తలుపులు మూసేశారు. స్పీకరును కుర్చీలోంచి లేవనివ్వకుండా ఒకరిద్దరు సభ్యులు అడ్డుపడబోయారు కూడా. సెప్టెంబరు 11 సాయంత్రం మీరు వచ్చారు, ముఖానికి నలుపు పూసుకుని, అడిగినవాళ్ల సభకు తాళం పడ్డాక. ప్రోరోగ్ వెనుక ప్రధాని సలహాదారులు పంపుకున్న సందేశాలు కూడా ఆ తీర్మానం అడిగింది. వాటికి మీపాటి మర్యాద కూడా దక్కలేదు, అసలు రానేలేదు.

రెండు వారాలకు సుప్రీంకోర్టులో పదకొండుమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఆ ప్రోరోగ్ చెల్లదన్నారు. ప్రోరోగ్ ఉత్తర్వంటూ రాజప్రతినిధులు ఆ రాత్రి సభలోకి తెచ్చింది తెల్ల కాగితంతో సమానమని కోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ తీర్పులో చెప్పారు. గోవ్ గారు పంపింది నల్ల కాగితం, రాజప్రతినిధులు తెచ్చింది తెల్ల కాగితం. ఆ వారంలో పార్లమెంటుకు ప్రభుత్వం నుంచి అందిన సమాచారం మొత్తం ఇదే అనుకోవచ్చు.

మీ వంశంలో మీరే మొదటివారు కారు. మీకు పెద్దలు ఉన్నారు. 2017లో బ్రెగ్జిట్ (యూరప్ నుంచి విడిపోయే వ్యవహారం) మంత్రి డేవిడ్ డేవిస్, ఏ రంగానికి ఏమవుతుందో వివరంగా, చదివేవాళ్లకు ప్రాణం మీదికి వచ్చేంత వివరంగా అధ్యయనాలు చేయించామని చెప్పారు. రంగాలు 58 అన్నారు. అప్పుడు కూడా ఎంపీలు రాణిగారికి విన్నపం పెట్టుకున్నారు. నవంబరు చివరలో సుమారు 850 పేజీలు వచ్చాయి. వాటిని చదవాలంటే ఒక గదిలోకి వెళ్లాలి, ఫోను బయట వదలాలి, కలంతో రాసుకోవాలి. పరీక్ష హాలు నియమాలన్నీ ఉన్నాయి. లోపల ఉన్నది చాలామటుకు ఆ రంగాల గురించి ఎవరైనా చదివి తెలుసుకోగలిగిన పరిచయమే. డిసెంబరు 6న హిలరీ బెన్ అధ్యక్షతన ఎంపీల సెలెక్ట్ కమిటీ (పరిశీలక సంఘం) డేవిస్ గారిని నిలబెట్టి అడిగితే, ప్రభావ అంచనాలు లేవన్నారు. కార్ల పరిశ్రమకు? దానికీ లేవు. ఉన్న అంచనాను దాచడానికి మనిషి, గది, కాపలా కావాలి. అంచనా వేయకుండా ఉంటే ఆ ఖర్చు లేదు. పార్లమెంటు నుంచి తప్పించుకోవడానికి ఇంతకంటే చౌకైన మార్గం నాకైతే కనిపించలేదు. దాని ముందు మీ నల్లరంగు ఎంతో నిజాయితీగా ఉంది. కనీసం ఇక్కడ ఏదో ఉందని ఒప్పుకుంది.

మధ్యలో ఒక్క ఓడ కూడా లేని కంపెనీకి ఓడల సర్వీసు కోసం 1.38 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు ఇచ్చి, గొడవ ముదిరాక రద్దు చేసుకున్న వైభవం ఒకటి జరిగింది. దాని గురించి రాయను. దానికి వ్యంగ్యం అవసరం లేదు.

చివరికి మీరు చెప్పిన రోజు రాలేదు. 2020 డిసెంబరు 24న ఒప్పందం కుదిరింది. పాఠం 26న బయటికొచ్చింది, 1,246 పేజీలు. 30న దాన్ని చట్టం చేసే బిల్లు ఒకే రోజులో ఉభయ సభలూ దాటింది. దిగువ సభ కామన్స్‌లో ఓట్లు 521-73. మీ ఒక్క పేరా కోసం సభంతా పోరాడింది గుర్తుందా? ఈసారి ఒక్క అక్షరం మీద కూడా నలుపు లేదు, చదవడానికి సమయం కూడా లేదు. ఆ పేజీల్లో ఒకచోట, వేలిముద్రలూ డీఎన్‌ఏ వివరాలూ ఇచ్చిపుచ్చుకునే భాగంలో, ఆధునిక ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌కు ఉదాహరణగా నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌ను పేర్కొన్నారు. అది 1997 నాటిది. మన కంప్యూటర్ పిల్లల్లో చాలామంది దాని పేరైనా విని ఉండరు. పాత యూరోపియన్ పత్రం నుంచి ఎత్తి యథాతథంగా అతికించారని తేలింది. చట్టసభ ఓటు వేసిన ఒప్పందం అది.

మీ ఒంటి మీద ధారాళంగా పోసిన నల్లరంగులో ఒక్క చుక్క మిగిల్చి, ఆ నెట్‌స్కేప్ మీద వేసి ఉంటే కనీసం పరువైనా మిగిలేది. వాణిజ్య గోప్యత అంటే మేమూ నమ్మేవాళ్లం.

ఇట్లు,
మిమ్మల్ని నలుపు పూయకముందే పేపర్లో చదివేసిన ఒక పాఠకుడు