ఎనిమిది కణాలైనంత మాత్రాన క్లోన్ అయినట్టు కాదు

“గుడ్డులోని కేంద్రకం తీసేసి, ఏ జంతువు కేంద్రకం పెట్టినా ఆవు అండం దాన్ని పెంచేస్తుంది. ఎనిమిది కణాలయ్యాయంటే జన్యువులు పనిచేస్తున్నట్టే. ఇక మోసే తల్లి దొరకడమే తరువాయి.” అంతరించిన జంతువుల వార్త ఏది వచ్చినా వెంట ఈ మాట తిరుగుతుంది.

ఎనిమిది కణాలు: అసలు పొరపాటు ఇక్కడే. తొలి విభజనలను నడిపేది పెట్టిన కేంద్రకం కాదు, అండం ముందే దాచుకున్న ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల నుంచి తయారైన నకళ్లు), ప్రోటీన్లు. ఆ సరుకు అయిపోయేలోపు పిండం సొంత జన్యువులు మేలుకోవాలి. ఎలుకలో ఇది 2 కణాల దశ, పందిలో 4, మనిషిలో 4–8, ఆవులో 8–16. మామూలు ఆవు పిండానికే ఆల్ఫా-అమానిటిన్ అనే విషం పెట్టి కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారుకాకుండా ఆపండి, అదీ 8–16 కణాల దాకా వెళ్లే ఆగుతుంది. పరాయి కేంద్రకమున్న పిండమూ అక్కడే ఆగిందంటే జన్యువులు మేలుకోలేదనే అనుమానించాలి. 2009లో మనిషి కేంద్రకాలను మనిషి అండాల్లోనూ ఆవు, కుందేలు అండాల్లోనూ పెట్టి చూశారు. పైకి అన్నీ ఒకేలా విభజన చెందాయి. పిండం తొలి దశలో పనిచేయాల్సిన ఆక్ట్-4, సాక్స్-2, నానోగ్ జన్యువులు పుంజుకున్నది మాత్రం మనిషి అండంలోనే.

“బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో నాటుకునే ముందు, లోపల నీటి గది ఏర్పడిన పిండ దశ) దాకా వచ్చిందిగా?” ఎవరి బ్లాస్టోసిస్ట్? ఆవు క్రోమోజోములు పూర్తిగా తీయకపోతే, అండాన్ని మేల్కొలిపే అయనోమైసిన్, 6-డిఎంఏపి మందులే దాన్ని తండ్రిలేని ఆవు పిండంగా ఎదిగిస్తాయి. అందుకే కేంద్రక డీఎన్‌ఏ పరీక్ష తప్పనిసరి. కేంద్రకం బయట ఉండే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసి లాభం లేదు, అది ఎటూ ప్రధానంగా ఆవు అండానిదే. డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే హోయెక్స్ట్ రంగు వేసి కేంద్రకాలు లెక్కపెట్టాలి. కేంద్రకం లేని ముక్కలు కూడా మైక్రోస్కోపులో కణాల్లాగే కనిపిస్తాయి. జన్యువులు మేలుకున్నాయా అని ఆర్‌ఎన్‌ఏ చూసేటప్పుడు డీఎన్‌ఏను డీఎన్‌ఏజ్ అనే ఎంజైమ్‌తో తొలగించి, కేంద్రకమిచ్చిన దాత జంతువు జన్యువును మాత్రమే పట్టే ప్రైమర్లు (వెతికిపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాడాలి. కేంద్రకం తీసుకున్న చర్మకణంలో ముందునుంచీ నడుస్తున్న జన్యువు కనిపిస్తే అది రుజువు కిందికి రాదు.

“దగ్గరి జాతులైతే పుట్టాయి కదా?” నిజమే. ఆవు అండంతో గౌర్ (అడవి దున్న) దూడ 2001లో, మేక అండంతో పిరనీస్ ఐబెక్స్ (అంతరించిన కొండమేక) పిల్ల 2003లో పుట్టాయి. దూడ రెండు రోజుల్లో, పిల్ల నిమిషాల్లో చనిపోయాయి. ఆ గౌర్ కోసం వాడిన అండాలు 692.

మంచుయుగపు ఏనుగు మామత్ సంగతికొస్తే, 28,000 ఏళ్ల నాటి ‘యూకా’ అనే మామత్ కళేబరం కేంద్రకాలను ఎలుక అండాల్లో పెట్టిన 2019 ప్రయోగాన్ని “మేలుకుంది” అని పంచుకున్నారు. విభజనకు ముందు క్రోమోజోములను పట్టుకునే కదురు పోగులు ఏర్పడ్డాయి, అంతే. ఒక్క అండమూ రెండు కణాలు కాలేదు.