రేంజ్ తగ్గేది ఎక్కువగా వేగం వల్లే
హైవే మీద ఎలక్ట్రిక్ కారు రేంజ్ (ఒక్కసారి ఛార్జ్ చేస్తే వెళ్లగలిగే దూరం) పడిపోవడానికి చిన్న బ్యాటరీయే కారణమని ఒక వ్యాసంలో రాశారు. అసలు దెబ్బ వేగం దగ్గర పడుతుందండీ. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైదరాబాద్–విజయవాడ దారిలో 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లి చూడండి, తేడా డిస్‌ప్లేలోనే కనిపిస్తుంది. టైర్లలో గాలి కూడా చూసుకోండి, దీన్ని చాలామంది పట్టించుకోరు.

సూర్యాపేటలో ఆగితే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 100 శాతం దాకా కూర్చోవద్దు. 80 శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, వెనక క్యూలో ఉన్నవాళ్లకీ ఇబ్బంది. విజయవాడ చేరడానికి సరిపడా, ఇంకాస్త అదనంగా ఎక్కితే చాలు.

ఇంట్లో రాత్రిపూట నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టుకోవడమే మేలు. కానీ 15 ఆంపియర్ల సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దే వద్దు!

ఇంకో విషయం, రోజూ ఛార్జింగ్ 80 శాతం దగ్గరే ఆపాలన్న సలహా అన్ని కార్లకీ వర్తించదు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్నవాటిని అప్పుడప్పుడూ 100 దాకా ఛార్జ్ చేయాలి, లేకపోతే తెరమీద చూపించే శాతం లెక్క తప్పుతుంది. మీ కారు మాన్యువల్లో ఏం రాశారో ఒకసారి చదవండి.