షేర్లు లెక్కపెడితే పుస్తకం చేరినట్టేనా?

పరిశోధన గ్రంథం రాసినవాళ్లకు ఈమధ్య కొత్త టెన్షన్ ఒకటి పట్టుకుంది. గ్రాంటు దరఖాస్తులోనూ, ప్రమోషన్ ఫైల్లోనూ, చివరికి ప్రచురణకర్త పంపే ఫారంలోనూ అదే ప్రశ్న: "సోషల్ మీడియాలో మీ పుస్తకం రీచ్ ఎంత?" పుస్తకంలో ఏముందని మాత్రం ఎవరూ అడగరు. చాలాకాలంగా కడుపులో పెట్టుకున్న మాట ఇవాళ కక్కేస్తున్నాను.

ఈ ఆలోచన పుట్టినప్పుడు అందులో తప్పేమీ లేదు. 2010లో జేసన్ ప్రీమ్, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి ఆల్ట్‌మెట్రిక్స్ (వెబ్‌లో వచ్చే ప్రస్తావనలతో పరిశోధన ప్రభావాన్ని కొలిచే పద్ధతి) మేనిఫెస్టో రాశారు. సైటేషన్లు (మన రచనను ఇతర పరిశోధకులు ఉదహరించడం) రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా వెబ్‌లో జరిగే చర్చనూ పట్టించుకుందాం అన్నారు. న్యాయమే. పుస్తకాలకైతే మరీ న్యాయం, ఎందుకంటే సైటేషన్ సూచికలు పుట్టిందే జర్నల్ వ్యాసాల కోసం. వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ల డేటాబేస్‌లో పుస్తకాలకంటూ విడిగా సూచిక వచ్చింది 2011లో.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ లెక్క చాలావరకు లింకు మీద నడుస్తుంది. పోస్టులో డీఓఐయో (ఆన్‌లైన్‌లో రచనకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), ప్రచురణకర్త పేజీ లింకో ఉంటే యంత్రం పట్టుకుంటుంది. వ్యాసానికి మామూలుగా ఒక్క డీఓఐ ఉంటుంది, గొడవ లేదు. పుస్తకానికి హార్డ్‌బౌండ్‌కో ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య), పేపర్‌బ్యాక్‌కి ఇంకోటి, ఈబుక్‌కి మరోటి. పైగా అధ్యాయాలకు వేరే డీఓఐలు. అన్నిటినీ ఒక్క పుస్తకం కింద ఎవరో ఒకరు జాగ్రత్తగా కలపాలి. కలపకపోతే ప్రస్తావనలు చెట్టుకొకటి పుట్టకొకటి.

అసలు మనుషులు పుస్తకం గురించి ఎలా మాట్లాడతారో చూడండి. నాకు తెలిసిన ఒక గ్రంథం మీద ఒకాయన ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడు. పెన్సిల్ గీతలు పడ్డ ఒక పేజీ ఫోటో, మార్జిన్‌లో పెద్ద ప్రశ్నార్థకం, కింద ఆ పేజీలోని వాదన ఎందుకు నిలవదో చెప్తూ నాలుగు పేరాలు. కామెంట్లలో ఇంకొకామె ఆధారాలతో సహా ఆయనకు ఎదురుచెప్పింది. చదవడం అంటే ఇదీ. లింకు లేదు, ఐఎస్‌బీఎన్ లేదు, రచయిత ఇంటిపేరు తప్ప పూర్తి పేరైనా లేదు. పైగా ఈ ప్రస్తావనలు లెక్కగట్టి స్కోరిచ్చే ఆల్ట్‌మెట్రిక్ కంపెనీ ఫేస్‌బుక్‌లో చూసేది పబ్లిక్ పేజీలనే, వ్యక్తుల గోడల్ని కాదు. ఆ చర్చ విలువ లెక్కలో సున్నా.

ఇంకోపక్క ప్రచురణకర్త అకౌంటు లింకు పెడుతుంది, రచయిత రీట్వీట్ చేస్తాడు, శిష్యులు మొహమాటానికి షేర్ చేస్తారు, వాళ్ల వెనకాల బాట్లు, అంటే మనిషి లేకుండా నడిచే అకౌంట్లు. సొంత డబ్బా ఎంత గట్టిగా కొడితే స్కోరు అంత పెరుగుతుంది. పుస్తకం అట్ట తెరిచినవాడు అందులో ఒక్కడైనా ఉన్నాడా?

స్కోరు లోపలికి వెళ్తే మరీ విడ్డూరం. ఆల్ట్‌మెట్రిక్ స్కోరులో వార్తకు 8, బ్లాగుకు 5, వికీపీడియాకు 3, ఫేస్‌బుక్ పోస్టుకు 0.25 చొప్పున బరువులు. పుస్తకాన్ని ఉతికి ఆరేసినా అదే బరువు, నెత్తిన పెట్టుకున్నా అదే బరువు. ఆ కంపెనీయే చెబుతుంది, ఇది ఎంత దృష్టి పడిందో చెప్పే అంకె మాత్రమే, నాణ్యత కొలత కాదని. వినేదెవరు?

పోనీ అంకెకి స్థిరత్వమైనా ఉందా అంటే, డేటా మన చేతిలో లేదు. పాఠకుల రివ్యూల సైటు గుడ్‌రీడ్స్ 2020 చివర్లో కొత్త ఏపీఐ కీలు (బయటి ప్రోగ్రాములు డేటా తీసుకోవడానికి ఇచ్చే అనుమతి) ఇవ్వడం ఆపేసింది. ట్విట్టర్ 2023లో ఉచిత ఏపీఐకి కత్తెర వేసింది. ఫేస్‌బుక్ యజమాని మెటా 2024లో పోస్టుల వ్యాప్తిని చూపే క్రౌడ్‌టాంగిల్ టూల్‌ని మూసేసింది. మోనోగ్రాఫ్‌కి (ఒకే అంశం మీద రాసిన పరిశోధన గ్రంథానికి) మంచి రివ్యూ రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా కొలిచే బద్దే మారిపోతే 2019 పుస్తకాన్నీ 2024 పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కాకిలెక్క కాక ఇంకేమిటి?

సరదాకి ఒకటి చెప్పాలి. 2014లో గణితవేత్త జోర్డన్ ఎలెన్‌బర్గ్ కిండిల్ ఈబుక్కుల్లో జనం ఎక్కువగా గీతలు గీసిన వాక్యాలు ఏ పేజీల్లో ఉన్నాయో చూశాడు. ఆర్థికవేత్త పికెటీ పెట్టుబడి గ్రంథం దాదాపు 700 పేజీలు. బాగా గీసిన అయిదు వాక్యాలూ మొదటి 26 పేజీల్లోనే! అంటే చాలామంది అక్కడితో ఆగిపోయినట్టే. ఇది శాస్త్రీయం కాదని ఆయనే అన్నాడు. అయినా షేర్ల లెక్క కన్నా ఈ చిలిపి లెక్కే నాకు నచ్చింది, కనీసం పుస్తకం లోపలికి తొంగిచూసింది కాబట్టి.

సోషల్ మీడియా డేటా పనికిరాదని నేననను. పోస్టులు చదవండి, అంతే. నర్సు ఒకరు వైద్య చరిత్ర గ్రంథాన్ని తన డ్యూటీతో ముడిపెట్టి రాస్తే, సైటేషన్ సూచికకు ఎప్పటికీ అందని పాఠకురాలు దొరికినట్టు. అలాంటివి రెండు తెచ్చి ఫైల్లో పెట్టనివ్వండి, మా స్కోరు మీరే ఉంచుకోండి. మొన్న ఒక ఫారంలో ఆ ఫేస్‌బుక్ చర్చనే రీచ్ గడిలో అతికించబోయాను. ఆ గడి అంకెలు తప్ప అక్షరాలు తీసుకోదట.